పాఠశాలలో స్ఫటికీకరణము

ఒకప్పుడు మన ప్రాంతమున పటిక పలుకు లేని ఇల్లు అరుదు. వానకాలమున గోదావరి ఎర్రబారి పారునపుడు ధర్మపురిలోను, మంథనిలోను, బాసరలోను నీటి కాగులో పటిక ముక్కను నాలుగుమారులు త్రిప్పి, రాత్రియంతయు కదలనీయక ఉంచి, తెల్లవారినపిదప పైతేటను మెల్లగా వంచుకొనెడివారు. క్షౌరపు పొదిలో కత్తి ప్రక్కన ఒక పలుకు తప్పక ఉండెడిది. ఈ పటిక యను మాట ఎక్కడినుండి వచ్చినదని విచారించినచో, అది సంస్కృతమున స్ఫటిక శబ్దమునకు తద్భవమని తెలియును. పటికబెల్లములోని పటికయు అదియే. స్ఫటికమను వస్తువును మన భాష మొదట నీటి కాగు వద్దను, వంటయింటిలోను గుర్తించినది. ప్రయోగశాల చాల తరువాత వచ్చినది.

పటిక నీటిని తేర్చును, సరే. పటికనే శుద్ధిచేయవలసి వచ్చినప్పుడు ఏమి చేయవలెను? అంగడిలో కొన్న ముక్కను వెలుతురున కెత్తి చూడుడు. మట్టి చారలు, నారపోగులు, ఒక్కొక్కప్పుడు లేత పసుపు ఛాయ కనబడును. మట్టి నీటిలో కరుగదు కనుక వడపోతతో పోవును. కాని నీటిలో కరిగి కంటికి కానరాకుండ ఉన్న పరాయి లవణములు వడపోత కాగితమునుండి నీటితోపాటే జారిపోవును. వాటిని వేరుపరచుటకు బడిలో నేర్పు పనియే స్ఫటికీకరణము. ఉన్నత పాఠశాలలో మిశ్రమములను వేరుచేయు పాఠమున దీని ప్రస్తావన వచ్చును. ఇంటర్మీడియెటులో విద్యార్థి తన చేతితో చేసి చూపవలసియుండును.

చేసి చూపుట యనగానే నాకొక పాత సంగతి జ్ఞప్తికి వచ్చును. నేను చదువుకొన్న చోటు పేరు చెప్పను. ప్రయోగ పరీక్షనాడు మాకందరకు పటిక పొడిలో చిటికెడు మయిలుతుత్తము కలిపి ఇచ్చిరి. దానినుండి శుద్ధమైన పటికను తీయవలెను. నా ప్రక్కన మానేటి కావలి పల్లెనుండి నడచి వచ్చు మిత్రుడు నిలిచియుండెను. అతడు పుస్తకములో చెప్పినట్లు వేడినీటిలో పొడిని కరిగించి, వడపోసి, గిన్నెను ప్రక్కన పెట్టి చేతులు కట్టుకొని కూర్చుండెను. నాకు అంత ఓపిక లేకపోయినది. గడియారము చూచుచు, సారాయి దీపమును ఆర్పక, నీరంతయు ఇగురువరకు కాచితిని. చివరకు నా పింగాణి గిన్నెలో లేత నీలపు పొడి చాల మిగిలెను. అతని గిన్నెలో తెల్లని పలుకులు కొద్దిగా తేలెను. పరీక్షకులు రెంటిని తూచిరి. తూకము ఎక్కువైనందున నాకే ఎక్కువ మార్కులు వచ్చినవి. జరిగినది నాకు తెలియును. అయినను నోరు మెదపలేదు. బయటికి వచ్చిన తరువాత ఆ మిత్రుడు కోపగింపలేదు. "నీ పొడి ఎందుకు నీలంగ ఉన్నదిరా?" అని మాత్రము అడిగెను. నాకు సమాధానము తోచలేదు. అతని ప్రశ్న చిన్నదే కాని, స్ఫటికీకరణమున తెలిసికొనవలసిన దంతయు అందే ఉన్నది.

మొదట కొన్ని లెక్కలు చూతము. 20 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద 100 మిల్లీలీటర్ల నీటిలో సుమారు 14 గ్రాముల పటిక కరుగును. 50 డిగ్రీల వద్ద అదే నీరు దాదాపు 37 గ్రాములను తనలో ఇముడ్చుకొనును. కనుక 50 మిల్లీలీటర్ల వేడినీటిలో 18 గ్రాముల పటికను కరిగించి, 20 డిగ్రీలకు చల్లార్చినచో, ఆ నీరు 7 గ్రాములను మాత్రమే నిలుపుకొనగలదు. తక్కిన 11 గ్రాములు స్ఫటికములై వెలికి రావలసినదే. అందులో కలిసియున్న మయిలుతుత్తము అరగ్రాము మాత్రమే అనుకొనుడు. 20 డిగ్రీల వద్ద కూడ ఆ నీరు అంతకు ఎన్నో రెట్ల తుత్తమును కరిగించుకొనగలదు. నీటిలో దానికి చోటు చాలినంత ఉన్నప్పుడు అది బయటికి రానేల? పటికకు చోటు చాలలేదు, తుత్తమునకు చాలినది. అందుచేత తెల్లని పలుకులు అడుగునకు చేరును, నీలము నీటిలో నిలిచిపోవును. ఆ మిగిలిన నీటినే మాతృద్రవమని అందురు.

రెండవ కారణము స్ఫటికపు కట్టడిలోనే ఉన్నది. గోడ కట్టు మేస్త్రి ఒకే కొలత ఇటుకలను వరుస తప్పక పేర్చుచు, వేరు కొలతది చేతికి వచ్చినచో ప్రక్కన పడవేయును. స్ఫటికము పెరుగుటయు ఇంచుమించు అట్టిదే. అయితే తొందరపెట్టి కట్టించిన గోడలో పగిలిన ఇటుకయు చేరిపోవునట్లు, ద్రావణమును ఒక్కసారిగా చల్లార్చినచో పుట్టెడి సన్నని స్ఫటికముల నడుమ మాతృద్రవము చిక్కుకొని పోవును. ఇంకొక మాట కూడ దాచకుండ చెప్పవలెను. ఇటుక కొలత ఒకటే అయినప్పుడు మేస్త్రియు మోసపోవును. క్రోము పటిక స్ఫటికాకృతి మామూలు పటికదానివంటిదే. ఆ రెండును కలిసి ఒకే స్ఫటికముగా పెరుగగలవు. అట్టివాటిని ఒక్కమారు స్ఫటికీకరించి విడదీయుట సాధ్యము కాదు.

ఇక నేను చేసిన పని ఎట్టిదో తెలియుచున్నది గదా. గిన్నెనుండి నీరు తప్ప మరేదియు పోలేదు. నీలము ఎక్కడికి పోవును? అంతకంతకు కాచుటచే పటికలోని స్ఫటికజలము కూడ కొంత పోయి, పలుకునకు బదులు పొడి మిగిలినది. మిత్రుడు 7 గ్రాముల మంచి పటికను మాతృద్రవములో వదలుకొనుటకు ఒప్పుకొనెను కనుక శుద్ధమైన దానిని పొందెను. నేను దేనిని వదలుకొనుటకును ఒప్పుకొనలేదు.

ఈ భేదము మన చెరకు తోటలవారికి కొత్త కాదు. గానుగాడించిన రసమును పెనములో కాచి, మడ్డి తీసి, చిక్కబరచి అచ్చులలో పోసినచో బెల్లమగును. నీరు పోవును, రసములోని తక్కినవి చాలవరకు అందే ఉండును. చక్కెర త్రోవ వేరు. జగిత్యాల ప్రాంతమున మల్లాపురము మండలములోని ముత్యంపేటలో నిజాం చక్కెర కర్మాగారపు శాఖ యొకటి ఉండెడిది. అది 2015 చివర మూతపడినది. చక్కెర మిల్లులలో రసమును సున్నముతో తేర్చి, చిక్కబరచి, గాలి తీసిన పాత్రలలో తక్కువ వేడిమిపై ఉడికించి, సన్నని చక్కెర రేణువులను విత్తనములుగా వేసి స్ఫటికములను పెంచెదరు. పిమ్మట జల్లెడ గోడలుగల పీపాలను గిరగిర త్రిప్పి, స్ఫటికములనుండి నల్లని పాకమును వేరుచేసెదరు. మొలాసిస్ అనబడు ఆ పాకమే చక్కెరకు మాతృద్రవము. బెల్లముకన్న చక్కెర మేలైనదని నేననుట లేదు సుమా! రసాయనికుడు శుద్ధమనునది ఒకే పదార్థము మాత్రమే ఉండుటను గూర్చియే. ఒంటికి మేలు చేయుట వేరు సంగతి.

సురేకారము తీయువారి నేర్పు ఇంకను ముచ్చటైనది. చవుటి మట్టిని నీటితో కడిగి ఆ నీటిని కాచి లవణములు తీయు వృత్తి తెలుగు పల్లెలలో ఒకప్పుడు ఉండెడిది. ఆ నీటిలో సురేకారముతో మామూలు ఉప్పును కలిసియుండును. 100 గ్రాముల నీటిలో 20 డిగ్రీల వద్ద సురేకారము సుమారు 32 గ్రాములు కరుగును. నీరు మరుగునప్పుడు 240 గ్రాములకు పైగా కరుగును. ఉప్పు సంగతి అట్లు కాదు. చల్లని నీటిలో 36 గ్రాములు, మరుగు నీటిలో 39 గ్రాములు, అంతే. కనుక నీటిని బాగుగా మరిగించి తగ్గించినచో వేడిలోనే ఉప్పు అడుగున పడును. దానిని తీసివేసి తేటను చల్లార్చినచో సురేకారము సూదులవలె పెరుగును. ఒకే కుండలో ఒకటి వేడికి, ఒకటి చలికి వెలువడును. ఉప్పును చల్లార్చి స్ఫటికీకరింపబోవు విద్యార్థికి ఏమియు దొరకకపోవుటకు కారణమిదే.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మనవి. ఈ ప్రయోగమును ఏ నెలలో చేయింపవలెనో ఆలోచింపుడు. పుస్తకములో గది ఉష్ణోగ్రత అని వ్రాసియుండును. ఆదిలాబాదులో చలికాలపు రాత్రి 10 డిగ్రీలకు దిగువనుండు గదియు గదియే. మే మాసమున రామగుండములో 45 డిగ్రీల ఎండకు కాగిన గదియు గదియే. ముందు చెప్పిన 18 గ్రాముల పటికను 35 డిగ్రీల గదిలో చల్లార్చినచో సగమునకు మించి ద్రావణములోనే నిలిచిపోవును. దోషము విద్యార్థిది కాదు. 1848లో ఫ్రాన్సున లూయీ పాశ్చరు టార్టారిక్ ఆమ్లపు లవణ మొకదానిని స్ఫటికీకరించి, కుడి ఎడమ చేతులవలె ఒకదానికొకటి ప్రతిబింబములైన రెండు రకముల స్ఫటికములను గుర్తించి, వాటిని చేతితో ఏరి వేరుచేసెను. ఆ లవణము సుమారు 27 డిగ్రీలకు దిగువననే అట్లు రెండుగా విడివడును. మన వేసవిలో ఆయన ఆ పని చేసియుండినచో ఏమియు ఏరియుండెడివాడు కాడు.

పరికరములు లేవను మాట తరచుగా వినుచుందును. తాళము తీయని ప్రయోగశాలలు ఇప్పటికిని ఉన్నవి. పటిక వరకు ఒక గాజు గ్లాసు, స్టీలు గిన్నె, గరాటు, దట్టముగా మడిచిన నూలుగుడ్డ చాలును. కాచునపుడు ద్రావణము చాలినంత చిక్కబడెనో లేదో తెలియుటకు గాజు కడ్డీని ముంచి తీసి నోటితో ఊదవలెను. కడ్డీపై పలుచని పొర కట్టినచో మంట ఆర్పవలసినదే. వేడిగా ఉన్నప్పుడే వడపోయవలెను. ఆలస్యము చేసినచో గరాటు కాడలోనే స్ఫటికములు పుట్టి దారి మూసివేయును. పిదప మూతపెట్టి కదలించక ఉంచవలెను. తేరిన పలుకులను కొద్దిపాటి చల్లని నీటితో ఒకమారు కడిగి, అద్దుడు కాగితముల నడుమ ఆరబెట్టవలెను. నిప్పుపై ఆరబెట్టరాదు. మయిలుతుత్తము విషము. దానిని వంటపాత్రలలో కరిగింపరాదు, పిల్లలు రుచి చూడరాదు, మిగిలిన నీలి నీటిని చెరువులో పోయరాదు. అది చేపలను చంపును.

నేను ఉపాధ్యాయుడనైన తరువాత తూకమునకు మొదటి మార్కులిచ్చుట మానివేసితిని. విద్యార్థి తెచ్చిన పలుకులలో రెంటిని నీటిలో కరిగించి అమోనియా చుక్కలు వేయుదును. తెల్లని జిగురువంటి మడ్డి మాత్రమే పడి, పైనీరు నిర్మలముగా ఉన్నచో పటిక శుద్ధముగా ఉన్నది. పైనీరు నీలముగా మారినచో రాగి ఇంకను ఉన్నది. మరల కరిగించి మరల స్ఫటికీకరింపవలెను. రెండవమారు చేసినవారికి తూకము ఇంకను తగ్గును. ఆ తగ్గుదలను నోటుపుస్తకములో ఉన్నదున్నట్లు వ్రాసినవారికి మార్కులు తగ్గింపను. మొదటి సంవత్సరము పిల్లలు దీనిని నమ్మలేదు. తూకము పెంచుటకు తడి పలుకులనే తెచ్చినవారు కలరు.

మాతృద్రవమును ఒకటి రెండుసార్లు దాచి, మరికొంత తగ్గించి రెండవ పంట తీయవచ్చును. అది మొదటి పంటయంత శుద్ధముగా ఉండదు కనుక రెంటిని కలుపరాదు. మొదటి పంటలో అంచులు చెక్కుచెదరని పలుకు నొకదానిని ఎన్నుకొని, సన్నని దారముతో కట్టి, సంతృప్త ద్రావణమున వ్రేలాడదీయుడు. గ్లాసుపై కాగితము కప్పి, చిన్న రంధ్రములు చేయుడు. సంక్రాంతి సెలవులకు ముందు ఎండ తగులని మూలలో ఉంచి పోయినచో, తిరిగి వచ్చునప్పటికి ఎనిమిది ముఖముల పటిక పలుకు పెరిగియుండును. రేకుల కప్పుగల బడియైనచో మాత్రము గ్లాసును తడియిసుక నింపిన కుండలో నిలుపుడు. లేనిచో మధ్యాహ్నపు వేడికి, రాత్రి పెరిగినదంతయు మరల కరిగిపోవును.