అక్షహృదయము – అప్పుల గణితము



పల్లెటూరి గ్రంథాలయమునకు పూర్వము వచ్చువారిలో పెక్కురు భారతభాగవతములకొఱకో, నవలలకొఱకో, నాటి దినపత్రికకొఱకో వచ్చెడివారు. ఇప్పుడు ప్రొద్దు వాలినతోడనే బల్లలచుట్టును బ్యాంకు పరీక్షలకు చదువు యువతీయువకులు కూర్చుండుచున్నారు. వారిలో ఒకరిద్దఱు మఱియొక మెట్టు పైకెక్కి, ద్రవ్యసంస్థల నష్టభయమును కొలుచు విద్యలో పట్టము పొందగోరుచున్నారు. 1996లో ఏర్పడిన గార్ప్ అను అంతర్జాతీయ సంఘము 1997 నుండి ఎఫ్.ఆర్.ఎం. అను పేరుతో ఆ పరీక్షను జరుపుచున్నది. మొదటి భాగమున నాలుగు గంటలలో నూఱు ప్రశ్నలకు జవాబులు గుర్తింపవలెను. అందు అయిదవవంతు సంభావ్యతకును, సాంఖ్యకశాస్త్రమునకును, వానిపై ఆధారపడిన గణితమునకును చెందినది. తక్కిన నాలుగు వంతులను ఇష్టముతో చదువువారు సైతము ఈ వంతుకడకు రాగానే సూత్రములను వేదపన్నమువలె వల్లించి ఊరకుందురు. ఇది మంచిది కాదు. ఈ పరీక్షలో నెగ్గినవాడు రేపు పరుల ధనమునకు కావలి కూర్చుండును. వాని లెక్క తప్పినచో కూతురి పెండ్లికని, ముసలితనమునకని దాచుకొన్నవారి సొమ్ము పోవును.

ఆరణ్యపర్వమందలి నలోపాఖ్యానము ఎల్లరకు తెలిసినదే. జూదమున రాజ్యము కోల్పోయిన నలుడు బాహుకుడను పేర ఋతుపర్ణునికి సారథియై విదర్భకు రథము తోలుచుండగా, దారిలో ఒక తాండ్రచెట్టు కనబడినది. రాజు దానివైపు చూచి, నేల రాలిన ఆకులును కాయలును చెట్టుననున్నవానికంటె నూటయొకటి హెచ్చనియు, రెండు కొమ్మలయందు 2095 కాయలు కలవనియు చెప్పెను. నలుడు నమ్మక రథమాపి, చెట్టు కూల్చి, కాయలు లెక్కించి చూడగా సరిపోయినది. రాజు నాశ్రయించి, అశ్వహృదయమునకు బదులుగా అక్షహృదయమును గ్రహించెను. ఆ తాండ్రకాయలే నాటి పాచికలు. ఈ కథ వినుచున్నవాడో, తానును జూదమాడి అడవుల పాలైన ధర్మరాజు! చెప్పిన బృహదశ్వుడు కథ ముగిసినపిదప ఆ విద్యను అతనికిని ఉపదేశించెను.

దీనినిబట్టి మన పూర్వులకు సంభావ్యతాశాస్త్రమంతయు తెలియునని చంకలు గుద్దుకొనుట తగదు. ఋతుపర్ణుడు తన పద్ధతి యేమో కథలో చెప్పలేదు. కొన్ని కొమ్మలను చూచి చెట్టంతటిని ఊహించుటయు, పాచికల పోకడ నెఱుగుటయు ఒకే విద్య క్రిందికి వచ్చునని కవి యెఱుగుట మాత్రము కొనియాడదగినది. ఐరోపాలోను ఈ శాస్త్రము జూదమునుండియే పుట్టినది. 1654లో పాస్కల్, ఫెర్మా అను ఇరువురు ఫ్రెంచి పండితులు ఒక జూదరి సందేహములనుగూర్చి ఉత్తరములు వ్రాసికొనిరి. ఒక పాచికను నాలుగుమారులు వేసినచో ఒకసారియైన ఆఱు పడునా అని పందెము కట్టినవానికి 1296 పాళ్లలో 671 పాళ్లు గెలుపు. రెండు పాచికలను ఇరువదినాలుగుమారులు వేసి, ఒకసారియైన జోడు ఆఱులు పడునని పందెము కట్టినవానికి నూటికి 49 పాళ్లే గెలుపు. పైకి చూచిన రెండును సమానమే యనిపించును. నడుమనున్న ఆ కొలది భేదముననే కొంపలు కూలినవి.

ఛందస్సు చదివినవానికి ఈ గణితమున సగము ముందే వచ్చియుండును. పింగళుడు ఛందస్సూత్రములందు ప్రస్తారమును చెప్పెను. పదవ శతాబ్దమున హలాయుధుడు దానిపై వ్యాఖ్య వ్రాయుచు మేరుప్రస్తారమును వివరించెను. నాలుగక్షరముల పాదమున గురులఘువులు మారుటచే పదునాఱు రూపములు కలుగును. వానిలో గురువే లేనిది ఒకటి, ఒక గురువు కలవి నాలుగు, రెండు గురువులవి ఆఱు, మూడింటివి నాలుగు, అన్నియు గురువులే యైనది ఒకటి. ఇప్పుడు లఘువునకు బదులు ‘తీరిన అప్పు’ అనియు, గురువునకు బదులు ‘మునిగిన అప్పు’ అనియు అనుకొనుడు. నలుగురికి అప్పిచ్చినారు, ఒక్కొక్కరు ఎగవేయుటకు పదింట ఒక పాలు అవకాశము కలదు. ఇట్లు నాలుగేసి అప్పులు పదివేలమారులు ఇచ్చినచో సగటున 6561 మారులు అన్నియు వసూలగును. 2916 మారులు ఒకటి మునుగును, 486 మారులు రెండు, 36 మారులు మూడు. నాలుగును మునుగుట ఒకే ఒక్కమారు. పరీక్షలో ‘ద్విపద విభాజనము’ అని బెదరించు ప్రకరణమంతయు ఇంతే.

కాని దీనికొక షరతు కలదు. ప్రస్తారమున ఏ అక్షరమునకు ఆ అక్షరము స్వతంత్రము. ఇరువది అక్షరముల పాదమునకు ప్రస్తారము చేసినచో 10,48,576 రూపములు కలుగును. అందు ఉత్పలమాల ఒక్కటి. కవి ఉత్పలమాలకు పూనుకొన్నపిదప అక్షరములకు స్వేచ్ఛయెక్కడిది? భగణముతో మొదలిడి అన్నియు ఒకే కట్టడికి లోబడవలసినదే. అప్పులును అట్లే. ఏ కట్టడియు లేనప్పుడు నాలుగును మునుగుట పదివేలింట ఒక్కటి. నలుగురును ఒకే కాలువ నీటితో, ఒకే పంట పండించువారైనచో, కాలువ ఎండిననాడు ఆ పదివేలింటి మాట గాలికి పోవును. అప్పుడది పదింట ఒకటికి దగ్గఱపడును. లెక్క చేయుటలో పొరపాటు లేకయే లెక్క వెయ్యిరెట్లు తప్పగలదు.

ఈ సంగతిని కౌటిల్యుని అర్థశాస్త్రముతో చూచిన మఱింత తేటపడును. నూఱు పణములకు నెలకు పణమున్నర కాదు, పణముంబావు ధర్మ్యమైన వడ్డీ యని అతడు విధించెను. వ్యవహారమునకు అయిదు పణములు, అడవిదారులబట్టి పోవువారికి పది, సముద్రవ్యాపారులకు ఇరువది. ఇంతకు మించి పుచ్చుకొన్నవానికి దండనము. ఆపద పెరిగినకొలది వడ్డీ పెరుగుట అందు స్పష్టము. ఆ యిరువది పణముల వెనుక ఎంత ఆపద దాగియుండవచ్చునో మనము లెక్కింపవచ్చును. ఓడ ఒక నెలలో తిరిగివచ్చుననియు, మునిగినచో అసలుకూడ రాదనియు అనుకొందము. నూఱు ఓడలకు నూఱేసి పణములు ఇచ్చిన షావుకారునకు పదునైదు ఓడలు మునిగినను, తక్కిన ఎనుబదియైదింటివలన 10,200 పణములు చేతికి వచ్చును. అదే పదివేలను ఇంటిపట్టున ధర్మ్యమైన వడ్డీకి ఇచ్చినచో వచ్చునది 10,125. పదునాఱవ ఓడ మునిగినచో 10,080 మాత్రమే. అనగా ఇంటిపట్టున ఉండుటయే మేలు. నూటికి పదునైదు ఓడలు మునుగు సముద్రమునకు ఇరువది పణముల వడ్డీ ఇంచుమించు న్యాయమే.

ఇక ఇరువురు షావుకార్లను చూడుడు. ఒకడు పదివేల పణములను ఒకే ఓడకు పెట్టెను; వేఱొకడు నూఱు ఓడలకు పంచెను. సగటున ఇరువురికిని వచ్చునది 10,200 పణములే. సగటు మాత్రమే చూచువానికి వీరియందు భేదము తోపదు. మొదటివాడో, నూటికి పదునైదు పాళ్లు బిచ్చగాడగును. రెండవవాని అసలులో నాలుగవవంతు పోవలెనన్నను ముప్పదియెనిమిది ఓడలు మునుగవలెను. ఓడల గతులు వేఱువేఱైనంతకాలము అది జరుగనిపని. సగటు చుట్టును ఫలితములు ఎంత చెదరునో తెలుపు కొలతకే ప్రామాణిక విచలనమని పేరు. మొదటివానికది 4285 పణములు, రెండవవానికి 428. నూఱు ఓడలకు పంచినందున నూఱింటి వర్గమూలమగు పదవవంతునకు దిగినది. భీమావ్యాపారమంతయు ఈ వర్గమూలముపై నిలిచియున్నది.

మఱి ఆ నూఱు ఓడలును ఒకే రేవునుండి ఒకేనాడు బయలుదేఱి ఒకే తుఫానులో చిక్కినచో? నూఱుగా పంచిన ధనమును ఒక్కటిగా పెట్టినట్లే యగును. పంచితిమన్న ధైర్యము మాత్రము అదనము. ఇది ఆంధ్రదేశమున తీరవాసులకు చెప్పవలసిన మాట కాదు. 1977 నవంబరు 19న ఉప్పెన దివిసీమను ముంచినప్పుడు ఏ యింటికాయిల్లు విడిగా కూలలేదు. ఒక్క రాత్రిలో ఊళ్లకూళ్లు తుడిచిపెట్టుకొనిపోయి వేలాదిమంది మరణించిరి. ఇంటికి నిప్పంటుకొనుట వేఱు, ఉప్పెన వేఱు. మొదటిదానికి పదిమంది చందాలతో ఒకని ఇల్లు నిలుపవచ్చును. రెండవదానికి ఆ పదిమందియు మిగులరు. ఒకే ఊరివారికి అప్పులిచ్చు సహకార సంఘము ఎంతమంది సభ్యులున్నారని లెక్కించుకొనుట చాలదు. ఎన్ని ఏర్ల నీరు, ఎన్ని విధముల పంట, ఎన్ని సంతల ధర అని లెక్కించుకొనవలెను.

మహానగరములలోని మహాపండితులకును ఈ తుఫాను తప్పలేదు. 1733లో ద మువావ్ర్ కనుగొన్న గంట ఆకారపు వక్రరేఖను విద్యార్థులు సామాన్య విభాజనమని చదువుదురు. సగటుకు ఇరుప్రక్కల ఒక విచలనములోపల నూటికి 68 పాళ్లు, రెండు విచలనములలోపల 95 పాళ్లు పడును. చూడముచ్చటయైన రేఖ. కాని 1987 అక్టోబరు 19న న్యూయార్కు షేర్లబజారున డౌజోన్స్ సూచి ఒక్కరోజున నూటికి 22.6 పాళ్లు పడిపోయెను. దినవిచలనము నూటికి ఒకటి యనుకొని ఆ రేఖ నడిగినచో, విశ్వము పుట్టిననాటినుండి దినదినము బజారు నడిచినను ఇట్టిది ఒకమారైనను రాదని చెప్పును. వచ్చినది సోమవారము. 1994లో ఆరంభమైన లాంగ్‌టర్మ్ కాపిటల్ మేనేజిమెంటు అను సంస్థలో 1997 నోబెలు బహుమానము పొందిన మెర్టన్, షోల్స్ ఇరువురును భాగస్వాములు. దేశదేశముల బజారులలో వారు పెట్టిన పందెములు ఒకదానితో నొకటి సంబంధము లేనివని వారి లెక్క. 1998 ఆగస్టున రష్యా తన అప్పులు చెల్లింపలేనని చేతులెత్తగా, భయపడినవారందఱు అన్ని బజారులలోను ఒకేసారి అమ్మకమునకు దిగిరి. కొలది నెలలలో ఆ సంస్థకు 400 కోట్ల డాలర్లకు మించి నష్టము వచ్చెను. పదునాలుగు సంస్థలు కూడి సుమారు 360 కోట్ల డాలర్లు పోసి దానిని నిలువరింపవలసివచ్చెను. వేఱువేఱు సముద్రములనుకొన్నవి ఒకే సముద్రమైనవి.

పరీక్షకు పోవువారు తప్పక ఎదుర్కొను మఱియొక చిక్కు నియత సంభావ్యత. బేయస్ అను ఇంగ్లీషు మతాచార్యుని వ్యాసము ఆయన మరణానంతరము 1763లో అచ్చయినది. సిద్ధాంతము ఆయన పేరనే చెల్లుచున్నది. ఉదాహరణమునకు వేయిమంది ఋణగ్రస్తులలో ఇరువదిమంది ఎగవేతదారులనుకొందము. బ్యాంకువారి పరిశీలనపద్ధతి ఎగవేయువారిలో నూటికి తొంబదిమందిని పట్టును. మంచివారిలో నూటికి పదిమందిని పొరపాటున అనుమానించును. ఒకనిపై ఎఱ్ఱగుర్తు పడినది. వాడు ఎగవేతదారగుటకు అవకాశమెంత? నూటికి తొంబదియని చాలమంది గుర్తింతురు. ఇరువదిలో పట్టుబడినవారు 18. తక్కిన 980 మందిలో పొరపాటున పట్టుబడినవారు 98. మొత్తము 116 ఎఱ్ఱగుర్తులలో నిజమైనవి 18, అనగా నూటికి ఇంచుమించు పదునాఱే. ఈ ప్రశ్నకు ఒక మార్కు పోయిన విద్యార్థికి మఱియొక ప్రశ్నలో వచ్చును. అధికారియై కూర్చున్న పిదప ఇదే పొరపాటు చేసినచో, తప్పులేని తొంబదియెనిమిదిమంది విత్తనములకు అప్పుదొరకక వెనుదిరుగుదురు.

తెలుగుబిడ్డలకు ఈ శాస్త్రము పరాయిది కాదు. 1920లో తెలుగు కుటుంబమున జన్మించి 2023లో కాలధర్మము నొందిన కల్యంపూడి రాధాకృష్ణరావుగారు ఆంధ్రవిశ్వకళాపరిషత్తున గణితమభ్యసించి, కలకత్తాలో మహలనోబిస్‌గారి సంస్థను చేరిరి. 1945లో వారు ప్రకటించిన ఫలితము నేడు క్రామెర్–రావు హద్దుగా ప్రపంచమంతట బోధింపబడుచున్నది. పక్షపాతము లేని ఏ అంచనాయైనను ఇంతకంటె తక్కువ చెదరుటకు వీలులేదని అది ఒక గీత గీయును. పదేండ్ల లెక్కలుమాత్రము చేతనుంచుకొని నూఱేండ్ల ఉప్పెనను ఇసుమంత తేడాలేకుండ చెప్పుదుననువాని మాటను ఆ గీతతో కొలిచి చూడవచ్చును.

చివరకు, కొలతబద్దయే మారిన సంగతి విద్యార్థులు గమనింపవలెను. 1990ల నుండి బ్యాంకులు ‘వాల్యూ ఎట్ రిస్కు’ అను అంకెను వాడుచున్నవి. నూఱు దినములలో తొంబదితొమ్మిదింట నష్టము ఇంతకు మించదని అది చెప్పును. నూఱవనాడేమగునో చెప్పదు. రెండు బ్యాంకులకు ఆ అంకె పది లక్షలే యనుకొనుడు. ఒకదానికి నూఱవనాడు పదునొకండు లక్షలు పోవును. మఱియొకదానికి అయిదు కోట్లు. అంకె ఒక్కటే, గతి వేఱు. 2008 నాటి సంక్షోభముపిదప బాసెల్ సంఘమువారు 2016లో ప్రకటించిన నియమములలో, బజారు నష్టములకు ఈ అంకెను తొలగించి ‘ఎక్స్‌పెక్టెడ్ షార్ట్‌ఫాల్’ అను కొలతను నిలిపిరి. గీత దాటిన దినములనే వేఱుచేసి, వానియందు సగటున ఎంత పోవునని అది అడుగును. గీతను నూటికి 97.5 కడ గీయవలెనని విధించిరి. పరీక్షలో ఈ రెండు కొలతలను ప్రక్కప్రక్కన పెట్టి ప్రశ్నలు వచ్చును. రెండును కట్టుటకు కావలసినది పాత లెక్కల పుస్తకము, నష్టములను పెద్దదానినుండి చిన్నదానివఱకు వరుసగా వ్రాసికొను ఓపిక, కూడికయు భాగహారమును మాత్రమే.