మా బ్రూనో ఎందుకు కరిచింది? వదిలేసే ముందు ఈ ఒక్క పని చేయండి

ఈరోజు గ్యాడ్జెట్లు లేవు. మా బ్రూనో గురించి చెప్తా.

బ్రూనో ఆరేళ్ల ల్యాబ్. ఏలూరులో మా వీధి మొత్తానికీ ముద్దు. పోయిన వర్షాకాలంలో ఒక సాయంత్రం మా అక్క కూతురు దాని తల నిమరబోయింది. గుర్రుమని పాప చెయ్యి పట్టేసింది. రక్తం వచ్చింది.

ముందు పాప సంగతి. కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాం. టీకా, గాయం దగ్గర ఇమ్యునోగ్లోబ్యులిన్ వేశారు. బ్రూనోకి ఏటా టీకా వేయిస్తున్నాం కదా అని ఆగలేదు. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక బతకడం దాదాపు అసాధ్యం. మీరూ ఆగొద్దు.

ఇక ఇంటికొచ్చాక పంచాయితీ. "కర్ర తీస్తే అదే దారికొస్తుంది" అని ఒకరు. "కొల్లేరు చెరువుల వైపు వదిలెయ్‌రా, చేపలు తిని బతికేస్తుంది" అని ఎదురింటి బాబాయ్. నిజం చెప్పాలంటే, ఆ రాత్రి నేను కూడా సరేనన్నాను.

పొద్దున్నే మనసొప్పక పశువుల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లా. ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "ఎక్కడ ముట్టుకుంటే కరిచింది?"

చెవి దగ్గర. లోపల చూస్తే పుండు పడేంత ఇన్ఫెక్షన్! ఇంటికొచ్చి ఫోన్ గ్యాలరీ తిరగేశా. రెండు వారాల ముందు నేను తీసిన రీల్‌లో, వెనకాల బ్రూనో తల విదిలిస్తూనే ఉంది. ఆడుకుంటోంది అనుకున్నా. అది పొగరు కాదు ఫ్రెండ్స్, నొప్పి. మందులు వాడాక మళ్లీ మామూలైంది.

అందుకే, ప్రవర్తన సడన్‌గా మారితే ముందు ఒంట్లో ఏముందో చూడాలి. పంటి నొప్పి, కీళ్ల నొప్పి, వయసుతో చూపు, వినికిడి తగ్గడం... ఏదైనా కావచ్చు. పిల్లి పక్క మీద పోస్తోందని కొడతారు. అది మూత్రం సమస్య కావచ్చు. ముఖ్యంగా మగపిల్లి మాటిమాటికీ కూర్చుని ముక్కుతున్నా మూత్రం రాకపోతే ఎమర్జెన్సీ. తెల్లారేదాకా ఆగితే ప్రాణం పోవచ్చు.

ఒంట్లో ఏమీ లేదని తేలితే? మనం బయటికెళ్లగానే తలుపులు కొరికి, గంటలకొద్దీ అరిచే కుక్కలుంటాయి. అది ఒంటరితనం భయం. దానికీ వైద్యం ఉంది. ఈ సమస్యకి క్లోమిప్రమిన్ అనే మందుని అమెరికా 1998లోనే కుక్కలకి ఆమోదించింది. కానీ మందుతో పాటు ట్రైనింగూ కావాలి, డోసు డాక్టరే చెప్పాలి. మన మాత్రలు అస్సలు వేయొద్దు. పారాసిటమాల్ పిల్లిని చంపేస్తుంది.

సాఫ్ట్‌వేర్‌లో బగ్ అంటే ముందు లాగ్ అడుగుతాం కదా, ఇదీ అంతే. వీడియో తీయండి. ఎప్పుడు, ఎక్కడ, దానికి ముందు ఏం జరిగింది, తిండి, మూత్రం ఎలా ఉన్నాయి, అన్నీ రాసుకెళ్లండి. వీడియో కోసం రెచ్చగొట్టొద్దు. కుక్కకి మూతి బుట్ట, పిల్లికి మూత ఉన్న బుట్ట పెట్టి తీసుకెళ్లండి. దగ్గర్లోని పశువుల ఆసుపత్రితో మొదలుపెట్టండి. పెద్ద కేసైతే మనకి గన్నవరంలో ఎన్‌టీఆర్ పశువైద్య కళాశాల ఉంది.

ఒక్క జాగ్రత్త. టీకా లేని కుక్క ఉన్నట్టుండి మారిపోయి, చొంగ కారుస్తూ, మింగలేకపోతుంటే దగ్గరికి వెళ్లొద్దు. డాక్టర్‌కి ఫోన్ చేయండి.

గుర్రుమంటే కొట్టొద్దు. అది మనకిచ్చే వార్నింగ్. కొట్టి ఆ వార్నింగ్ మాన్పిస్తే, ఈసారి చెప్పకుండానే కరుస్తుంది. ఎక్కడో వదిలేయడం కూడా పరిష్కారం కాదు. ఆకలికి మాడేలా వదిలేస్తే 1960 జంతు హింస నిరోధక చట్టం ప్రకారం నేరం.

బ్రూనో ఇప్పుడు నా కుర్చీ కిందే పడుకుని ఉంది. పాప వస్తే ఆడుకుంటారు, కానీ పక్కన ఒక పెద్దవాళ్లం ఉంటాం. మీ ఫ్రెండ్స్‌లో ఎవరైనా "మా కుక్కని ఇచ్చేస్తాం" అంటుంటే ఈ వీడియో పంపండి. మళ్లీ కలుద్దాం, బై!