చట్టాన్ని పేటలో చదువుదాం
(పాలకొల్లులో చేసిన ప్రసంగం)



ఒంటి రంగు చూసి తక్కువ చెయ్యడం జాతి వివక్ష. మనల్నేమో పేట చూసి తక్కువ చేస్తున్నారు. ఈ రెండూ ఒక్క తల్లి బిడ్డలేనని 2001లో డర్బన్‌లో ఐక్యరాజ్యసమితి సభ జరిగినప్పుడు దళితులు ఎలుగెత్తి చెప్పారు.

బాబాసాహెబ్ బడిలో గోనెపట్టా మీద కూచున్నారు. ప్యూను కుళాయి తిప్పకపోతే ఆ పూట ఆయనకి నీళ్ళు లేవు. అదే మనిషి చదువుకొచ్చి, 1927లో వేలమందితో మహద్ చెరువు నీళ్ళు తాగించారు. చదువంటే ఉద్యోగమొక్కటే కాదు, ఆ ధైర్యం కూడా.

అంత దూరం దేనికి? మన జిల్లా గరగపర్రులో 2017లో అంబేడ్కర్ విగ్రహం పెట్టినందుకు మనోళ్ళని పనుల్లోంచి తీసేశారు, వెలివేశారు. వెలి వెయ్యడం నేరమని అట్రాసిటీ చట్టం సవరణలో ఉంది. అది 2016 జనవరి 26 నుంచీ అమల్లో ఉంది. ఈ ముక్క మనలో ఎంతమందికి తెలుసు? తెలీని చట్టం అటక మీద గొడ్డలే.

అందుకే వారానికో రాత్రి పేటలో కూడుదాం. ఒకరు చదవాలి, అందరూ వినాలి. చదువురాని అమ్మ ప్రశ్న అడగాలి, చదువుకున్న కొడుకు జవాబు వెతకాలి. బళ్ళో మన పిల్లల్ని విడిగా కూచోబెడితే మర్నాడే వెళ్ళి అడుగుదాం. ఒక్కరం కాదు, పేటంతా కలిసి!