జీఎన్ఎమ్మా, బీఎస్సీ నర్సింగా?

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను ఇంజినీరును. నర్సింగ్ సంగతి నాకెందుకని అనుకోవచ్చు. మార్కాపురం, కంభం, గిద్దలూరు వైపు ఏ చుట్టాలింటికి వెళ్లినా ఈ మధ్య ఒకటే ప్రశ్న: "అన్నా, పాపను జీఎన్ఎంలో చేర్చమంటావా, బీఎస్సీ నర్సింగ్‌లోనా?" అందుకే తెలుసుకుని చెబుతున్నాను.

జీఎన్ఎం మూడేళ్లు, బీఎస్సీ నాలుగేళ్లు. ఏది చదివినా రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్టర్డ్ నర్సుగా నమోదు కావచ్చు. తేడా పై మెట్టు దగ్గర వస్తుంది. ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ పరీక్షకు బీఎస్సీ వారికి అనుభవం అక్కర్లేదు. జీఎన్ఎం వారికి కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం కావాలి. ఎమ్మెస్సీ చేయాలంటే బీఎస్సీ తప్పదు.

అలాగని జీఎన్ఎంతో దారి మూసుకుపోదు. పాలిటెక్నిక్ పిల్లలు ఈసెట్ రాసి ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో చేరినట్టే, వీరికి రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ ఉంది. మొత్తం ఐదేళ్లు, అంటే ఒక ఏడాది ఎక్కువ. కానీ మధ్యలో ఉద్యోగం చేసుకోవచ్చు. వాన మీద బతికే మన ఇళ్లలో మొదటి జీతం ఏడాది ముందే రావడం చిన్న మాట కాదు. చదివించే స్తోమత ఉంటే బీఎస్సీ, లేకుంటే జీఎన్ఎం. రెండోది ఎంచుకున్నామని చిన్నబుచ్చుకోవద్దు.

పిల్లలూ, బీఎస్సీకి ఇంటర్‌లో బైపీసీ ఉండాలి. జీఎన్ఎంకు ఏ గ్రూపైనా సరిపోతుంది. కాబట్టి ఈ నిర్ణయం రెండేళ్ల తర్వాత కాదు, పదో తరగతి కాగానే గ్రూపు ఎంచుకునేటప్పుడే మీ చేతిలో ఉంది. అబ్బాయిలకూ ఇదే మాట.

తల్లిదండ్రులకు ఒక మనవి. ఆరు నెలల్లో, ఏడాదిలో నర్సును చేస్తామనే బోర్డులు కనిపిస్తాయి. ఆ సర్టిఫికెట్‌తో రిజిస్ట్రేషన్ రాదు. ఫీజు కట్టే ముందు మూడు అడగండి: ఈ ఏడాదికి కౌన్సిల్ గుర్తింపు ఉందా? పిల్లలు పని నేర్చుకునే ఆసుపత్రి ఏది, పడకలెన్ని? హాస్టల్, పరీక్ష ఫీజులతో కలిపి అన్నేళ్లకూ ఎంతవుతుందో కాగితం మీద రాసిస్తారా?

ఇంటర్ అడ్మిషన్ల వేళ మన సంఘం తరఫున ఒక ఆదివారం ఈ బడిలోనే కూర్చుందాం. మనలో నర్సులైన అక్కచెల్లెళ్లు తప్పక రావాలి. నా మాట కన్నా మీ అనుభవమే ఈ పిల్లలకు దారి చూపుతుంది.