పదవులు - పుస్తకములు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



జపాను దేశమున యుకియో ఒజాకి అను రాజకీయవేత్త ఉండెను. 1890లో ఆ దేశపు మొదటి పార్లమెంటునకు ఎన్నికై, వరుసగా ఇరువదియైదు ఎన్నికలలో గెలిచి, 1953 వరకు ఆ సభలో కూర్చుండెను. నెల్లూరు సీమలో అట్టి దీర్ఘసేవ ఎవ్వరిదని అడిగినచో, బుచ్చిరెడ్డిపాలెమున 1907లో జన్మించిన బెజవాడ గోపాలరెడ్డిగారిని తలపవలెను. అయితే వారిది ఒక్క పీఠమున స్థిరపడిన సేవ కాదు. వారు పెక్కు పీఠములెక్కిరి, పెక్కుమార్లు దిగిరి. ఆ దిగుటయే నేడు విచారింపదగినది.

యౌవనమున వారు శాంతినికేతనమునకేగి రవీంద్రుని విశ్వభారతిలో చదివిరి. తిరిగివచ్చి స్వాతంత్ర్యోద్యమమున చేరి చెరసాల పాలైరి. 1937లో మద్రాసున రాజాజీ మంత్రివర్గము నేర్పరచినపుడు, ముప్పదియేండ్ల ప్రాయముననే స్థానికపాలనా మంత్రియైరి. 1947లో ఆర్థికశాఖను వహించిరి. 1948లో విద్యామంత్రి అవినాశిలింగం చెట్టియారుగారు గ్రంథాలయ చట్టమును తెచ్చినపుడు రాజ్యపు బొక్కసము గోపాలరెడ్డిగారి చేతిలోనే యుండెను. ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ పన్నును వసూలుచేయు ఏర్పాటు ఆ చట్టముతో వచ్చినది. దాతల దయకు తోడు చట్టపు అండ గ్రంథాలయములకు లభించినది.

1952 ఎన్నికలలో ప్రజలు వారిని ఓడించిరి. మూడేండ్లకు, 1955 మార్చి 28న, కర్నూలు రాజధానిగానున్న ఆంధ్రరాష్ట్రమునకు వారు ముఖ్యమంత్రియైరి. ఆ డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిరి.

1956 ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఆంధ్ర, తెలంగాణ నాయకులు పెద్దమనుషుల ఒప్పందము చేసికొనిరి. ఆంధ్రపక్షమున సంతకము చేసినవారిలో గోపాలరెడ్డిగారొకరు. పుట్టబోవు పెద్ద రాష్ట్రమున తమ పీఠము తమకే దక్కునన్న హామీ వారికి లేదు. దక్కనూ లేదు. నవంబరు 1న నీలం సంజీవరెడ్డిగారు ముఖ్యమంత్రియైరి. నిన్నటి ముఖ్యమంత్రి ఆ మంత్రివర్గమున ఒక మంత్రిగా కూర్చుండిరి. ఒప్పందపు షరతులు నెరవేరలేదను అసంతృప్తి పెరిగి, 2014లో ఆ రాష్ట్రము రెండైనది. అది వేరొక చరిత్ర. ఒక మెట్టు దిగి పనిచేయుటకంటె అలిగి ఇల్లు చేరుటే గౌరవమనుకొనువారు లోకమున పెక్కురు. వారట్లు తలపలేదు.

1958లో కేంద్రమంత్రియైరి. 1962లో కావలినుండి లోక్‌సభకు ఎన్నికై, సమాచార ప్రసారశాఖను నిర్వహించిరి. మంత్రులు పదవులు వీడి పార్టీపనికి పోవలెనను కామరాజు ప్రణాళిక 1963లో వచ్చినపుడు, రాజీనామా చేసిన ఆరుగురు కేంద్రమంత్రులలో వారును ఉండిరి. 1967 మొదలు 1972 వరకు ఉత్తరప్రదేశ్ గవర్నరుగా నుండిరి.

ఇన్ని ఎక్కుదిగుడులలోను వారిని విడువనిది చదువు. శాంతినికేతనమున అబ్బిన వంగభాష వృథాపోలేదు; రవీంద్రుని రచనలు పెక్కింటిని వారు తెనిగించిరి. 1957లో నెలకొన్న ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమికి చిరకాలము అధ్యక్షత వహించిరి. 1997 మార్చిలో కన్నుమూసిరి.

సోదరులారా! పదవి ఒకరు ఇచ్చినది, ఇచ్చినవారే తీసికొందురు. చదువు అట్లు కాదు. పంచాయతీ ఎన్నికలలో ఓడినవారు ఊరిమీద కోపగించి తలుపులు మూసికొనుట పల్లెలలో చూచుచునే యున్నాము. అట్టివారికి ఈ గ్రంథాలయపు తలుపు తెరచియున్నది. గెలిచినవారును అప్పుడప్పుడు లోనికి వత్తురుగాక! ఈ సంస్థ స్వర్ణోత్సవమును గూడ చూచుగాక!