చిన్న మాట, పెద్ద సంసారము

ఆంగ్లభాషను అభ్యసించువారు పెద్ద మాటలను చూచి జంకుదురు. పది పన్నెండక్షరముల పదము కంటబడినంతనే నిఘంటువు తెరతురు. మూడక్షరముల మాట ఎదురైనచో, తెలిసినదే గదా యని దాటిపోవుదురు. కాని ఆ భాషలో మనలను మోసపుచ్చునవి పెద్ద మాటలు కావు. పెద్ద మాటకు సాధారణముగా ఒకటి రెండర్థములే యుండును. ఒకసారి నేర్చినచో అది మనకు లోబడి యుండును. చిన్న మాట అట్టిది కాదు. అట్టి చిన్న మాటలలో నొకటియైన ‘సెట్’ను గూర్చి నేడు ముచ్చటింతము.

ఈ మాట మనకు క్రొత్తది గాదు. రేడియోను సెట్టు అందుము. టీ కప్పుల సెట్టు, నగల సెట్టు, సినిమా సెట్టు, టెన్నిసు ఆటలో సెట్టు మన యెరుకలోనివే. ‘సంబంధము సెట్టయినది’ అనుట కూడ ఇటీవల వినుచున్నాము. ఇన్ని విధముల వాడుచున్నను, ఆ మాట సంసారములో మన మెరిగినది మిక్కిలి స్వల్పము.

1928లో పూర్తియైన ఆక్స్‌ఫర్డు ఆంగ్ల నిఘంటువులో అన్నిటికంటె దీర్ఘమైన వివరణము ఈ మాటదే. ఇరువది సంపుటములుగా 1989లో వెలువడిన రెండవ కూర్పులో క్రియారూపమునకే 430కి పైగా అర్థములు చూపబడినవి. ఆ వివరణము సుమారు 60,000 మాటలు. అనగా ఒక నవల యంత! తరువాతి సవరణలలో ‘రన్’ అను మాట 645 అర్థములతో 2011లో దీనిని మించినది. గెలిచినదియు మూడక్షరముల మాటయే యగుట గమనింపదగినది.

ఇన్ని అర్థము లెట్లు వచ్చినవి? మొదట ఇది ఒక మాట కాదు, రెండు మాటలు. క్రియయైన ‘సెట్’, కూర్చుండుట యను నర్థముగల ‘సిట్’కు ప్రేరణరూపము. మనకు కూర్చుండు, కూర్చుండబెట్టు అనునవి యెట్లో, వారికి సిట్, సెట్ అట్లు. ఈ ‘సిట్’కును సంస్కృతమునందలి ‘సద్’ ధాతువునకును మూలమొక్కటే యని భాషాశాస్త్రజ్ఞులు తేల్చిరి. సదనము, సదస్సు, పరిషత్తు, ఉపనిషత్తు ఆ ధాతువునుండి పుట్టినవే. కావున ఈ మాట మనకు దూరపు చుట్టమే. సముదాయమను నర్థముగల నామవాచకమైన ‘సెట్’ వేరొక యింటిది. అది అనుయాయుల కూటమిని దెలుపు ‘సెక్టా’ అను లాటిను పదమునుండి ఫ్రెంచిభాష మీదుగా వచ్చినది. కాలక్రమమున రెండింటి రూపము నొకటై, అర్థములును ఒకదానితో నొకటి కలిసిపోయినవి.

క్రియ యొక్క మూలభావము కుదురు. కదలుచున్నది ఒకచోట కుదురుకొన్నచో ఆంగ్లేయుడు ‘సెట్’ అనును. పాలు తోడుకొన్నను సెట్, సిమెంటు గట్టిపడినను సెట్, విరిగిన యెముకను సరిచేసి కట్టినను సెట్, పూత పిందెకట్టినను సెట్, పాటకు బాణీ కట్టినను సెట్, సూర్యుడు క్రుంకినను సెట్. ఆంగ్లేయు డొక్క మాటతో గడపుకొనిన చోట మనము తోడుకొనుట, గట్టిపడుట, కట్టుట, క్రుంకుట యని వేర్వేరు మాటలు వాడితిమి. ఎముకకు, పిందెకు, బాణీకి మూటికిని ‘కట్టు’ అను నొక్క మాటయే సరిపోయినదనియు గమనింపుడు.

ప్రక్కన మరియొక చిన్న మాట చేరినచో దీని నడక మారిపోవును. ‘సెట్ అప్’ అనగా నెలకొల్పుట. ‘సెట్ ఇన్’ అనగా వాన, చలి వంటివి ఆరంభమై నిలుచుట. ‘సెట్ ఔట్’ అనగా ప్రయాణము కట్టుట. కుదురును దెలుపు మాట కదలికను దెలుపు టెట్లని వింతపడనక్కరలేదు. మనము ‘పరుగు పెట్టు’ అనుట లేదా?

ఇది వట్టి వినోదము గాదు. ‘సెట్ అసైడ్’ అను జంటపదమును చూడుడు. గృహిణి జీతములో కొంత సెట్ అసైడ్ చేసినదనిన, దాచియుంచినదని యర్థము. పై న్యాయస్థానము క్రింది తీర్పును సెట్ అసైడ్ చేసినదనిన, ఆ తీర్పు రద్దయినదని యర్థము. దీనినే ‘ప్రక్కన పెట్టినది’ అని మక్కికి మక్కి తెనిగించి చెప్పినచో, తరువాత చూతమని యుంచినదని కక్షిదారుడు భ్రమపడవచ్చును. ‘సెట్ ఆఫ్’ కూడ నిట్టిదే. బయలుదేరుట, బాణసంచా పేల్చుట, అందమును ఇనుమడింపజేయుట దాని యర్థములు. న్యాయశాస్త్రమున మాత్రము మినహాయింపు. శిక్షపడిన ఖైదీ విచారణ కాలమున నిర్బంధములో గడిపిన దినములను జైలుశిక్షలో తగ్గించుటకు 1973 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడు 428వ సెక్షను వాడిన మాట యిదియే. 2024 జూలై 1 నుండి ఆ కోడు స్థానమున అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితయందు ఇది 468వ సెక్షను. ఒక మనుష్యుని స్వేచ్ఛాదినములు ఈ చిన్న మాటపై ఆధారపడి యున్నవి.

ఇంత గందరగోళపు భాష మరియొకటి లేదని కొందరందురు. మన ‘పెట్టు’ మాటేమి? అన్నము పెట్టుదుము, దండము పెట్టుదుము, పేరు పెట్టుదుము, బొట్టు పెట్టుదుము, కాపురము పెట్టుదుము. కోడి గుడ్డు పెట్టును. ఒకడు కొంపకు నిప్పు పెట్టును. మరియొకడు వ్యాపారమున సొమ్ము పెట్టును. తెలుగు నేర్చుకొను పరదేశికి ‘పెట్టు అనగా ఉంచుట’ అని మాత్రము చెప్పి పంపినచో, దండమును ఎక్కడ ఉంచవలెనో తెలియక ఆతడు తికమకపడును. మన పిల్లలకు ‘సెట్ అనగా అమర్చుట’ అని వల్లెవేయించుటయు అట్టిదే.

కావున పిల్లలచేత మాటల పట్టికలను గాక వాక్యములను చదివింపవలెను. చిన్న మాట కనబడినప్పుడు దాని ముందు వెనుకల నున్న మాటలేవి, చెప్పుచున్నవారెవరు, సందర్భమేది యని ప్రశ్నింప నేర్పవలెను. అట్లడుగ నేర్చినవాడు తన తెలుగును గూడ క్రొత్త కన్నులతో చూడగలడు. నిత్యము నోట నానుచున్నందున మనము తేలికగా చూచు పెట్టు, కట్టు, పట్టు, కొట్టు వంటి మాటలే మన భాషాగృహమును మోయు స్తంభములని ఆతనికి తెలియవచ్చును.