టర్బో పెట్టే ముందు కంప్రెషన్ లెక్క
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మన బడిలో చదువుకుని నాచారం, మల్లాపూర్ ఇండస్ట్రియల్ ఏరియాల్లో లేత్ల మీద, మిల్లింగ్ మిషన్ల మీద, మోటార్ షెడ్డుల్లో పని చేసుకుంటున్నవాళ్లం చాలామందిమి ఉన్నాం. నాది ఇంజన్ల పని. అందుకే ఈ పావుగంట నాకు తెలిసిన ఆ ఒక్క విషయమే మాట్లాడతాను. ఈ మధ్య మన కుర్రాళ్లు పాత పెట్రోలు కారు కొని, దానికి టర్బో పెట్టించాలని వస్తున్నారు. అందరూ అడిగే మొదటి ప్రశ్న, "అన్నా, ఎంత బూస్ట్ వేయొచ్చు?" నేను ముందు అడిగేది, "కంప్రెషన్ రేషియో ఎంత?" అని. బూస్ట్ ఎక్కువైతే తర్వాత తగ్గించుకోవచ్చు. ఇగ్నిషన్ టైమింగ్‌ను లాప్‌టాప్ పెట్టి మార్చుకోవచ్చు. కంప్రెషన్ మార్చాలంటే మాత్రం ఇంజన్ విప్పాల్సిందే. కాబట్టి ఆ లెక్క ముందే తేలాలి.

లెక్కల మాస్టారు ఎదురుగా ఉన్నారు కాబట్టి లెక్కతోనే మొదలుపెడతాను. మారుతి 800 ఇంజన్ మూడు సిలిండర్లది, 796 సీసీ. అంటే ఒక్కో సిలిండర్ 265 సీసీ. పిస్టన్ పూర్తిగా పైకి వచ్చాక దాని నెత్తిన 33 సీసీ ఖాళీ మిగిలిందనుకుందాం. 265కు 33 కలిపి, మొత్తాన్ని 33తో భాగిస్తే తొమ్మిది వస్తుంది. అదే కంప్రెషన్ రేషియో. ఖాళీ 38 సీసీ అయితే ఎనిమిది వస్తుంది. తొమ్మిదికీ ఎనిమిదికీ మధ్య తేడా సిలిండర్‌కు సుమారు ఐదు సీసీ. ఒక టీస్పూను నీళ్లంత! ఇంజన్ బతుకు ఆ టీస్పూను మీద ఆధారపడి ఉంటుంది.

ఎందుకో సైకిల్ పంపు చెబుతుంది. గబగబా గాలి కొడితే పంపు అడుగు కాలుతుంది. గాలిని కుదిస్తే వేడెక్కుతుంది. టర్బో ఉన్న బండిలో గాలి రెండుసార్లు కుదించబడుతుంది, ఒకసారి టర్బోలో, మళ్లీ సిలిండర్‌లో. సిలిండర్‌లో ప్లగ్ నిప్పు పెట్టాక మంట ఒక అంచు నుంచి క్రమంగా పాకాలి. వేడి, పీడనం హద్దు దాటితే మంట చేరకముందే మూలనున్న మిశ్రమం తనంతట తానే భగ్గుమంటుంది. ఆ దెబ్బనే మనం నాకింగ్ అంటాం. మామూలు బండిలో అది టకటక శబ్దం. బూస్ట్‌లో ఉన్న బండిలో శబ్దం వినేలోపే పిస్టన్ రింగు గాడి విరగొచ్చు.

నా దగ్గరికి ఒక తమ్ముడి బండి అలాగే వచ్చింది. చిట్టీ ఎత్తి టర్బో పెట్టించుకున్నాడు. ట్యూనింగ్ చేసింది డిసెంబరు రాత్రి, ఖరీదైన పెట్రోలు పోసి. బండి విరిగింది మే నెల మధ్యాహ్నం, మామూలు పెట్రోలుతో, నలుగురిని ఎక్కించుకుని ఫ్లైఓవర్ ఎక్కుతుంటే. ట్యూనింగ్ చేసినవాడికి పని రాక కాదు. లెక్క మంచి రోజుకు వేశాడు, బండి చెడ్డ రోజున నడిచింది. నేను చెప్పదలచుకున్నది ఇంతే. రోడ్డు మీద తిరిగే బండికి కంప్రెషన్‌ను అత్యంత చెడ్డ రోజును బట్టి ఎంచుకోవాలి.

మన చెడ్డ రోజు ఎలా ఉంటుందో చూద్దాం. ఉప్పల్ చౌరస్తాలో ఎండ 40 డిగ్రీలు. అర బార్ బూస్ట్, అంటే ఏడు పీఎస్ఐ వేస్తే, మామూలు టర్బో నుంచి గాలి 90 డిగ్రీలు దాటి బయటికి వస్తుంది. మంచి ఇంటర్‌కూలర్ పెడితే దాన్ని 60కి దించవచ్చు. ఇప్పుడు ఫిజిక్స్ సూత్రం పెట్టి చూస్తే, ఇంటర్‌కూలర్ లేకుండా రేషియో ఎనిమిది ఉన్న ఇంజన్‌లో కుదింపు చివర వేడి సుమారు 570 డిగ్రీలు. ఇంటర్‌కూలర్‌తో పది ఉన్న ఇంజన్‌లో సుమారు 560. నిజం ఇంజన్‌లో అంకెలు తగ్గుతాయి కానీ పోలిక మారదు. అలాగని పది పెట్టమని కాదు నేననేది. చల్లబడిన గాలి చిక్కగా ఉంటుంది కాబట్టి పీడనాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. కానీ పిస్టన్ల మీద డబ్బు పెట్టేముందు ఇంటర్‌కూలర్ మీద పెట్టాలని ఈ లెక్క చెబుతోంది.

ఈ చిక్కు కొత్తదేమీ కాదు. 1962లో అమెరికాలో జనరల్ మోటార్స్ రెండు టర్బో కార్లు తెచ్చింది. ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్‌కు కంప్రెషన్ 10.25 ఉంచి, నాకింగ్ రాకుండా నీళ్లు, మెథనాల్ కలిపిన ద్రవం చల్లే ఏర్పాటు పెట్టారు. ఆ డబ్బా నింపడం జనం మరిచిపోయేవారు. రెండేళ్లలోనే ఆ కారు ఆగిపోయింది. షెవ్రొలే కోర్వేర్ మోన్జా స్పైడర్‌కు మాత్రం కంప్రెషన్ ఎనిమిదికి దించారు. టర్బో కోర్వేర్ 1966 దాకా నడిచింది. మొదటిది యజమాని జాగ్రత్త మీద ఆధారపడింది, రెండోది ఆధారపడలేదు. తర్వాత స్వీడన్‌లో సాబ్ 99 టర్బో అయితే ఏకంగా 7.2కు దిగింది.

అంత దూరం దేనికి, మన పక్కనే మౌలాలి డీజిల్ లోకో షెడ్డు ఉంది. మన చిన్నప్పుడు పొగ చిమ్ముతూ పోయిన డబ్ల్యూడీఎం-2 ఇంజన్లు గుర్తున్నాయా? 16 సిలిండర్లు, 2,600 హార్స్‌పవర్, టర్బో. కంప్రెషన్ 12.5 మాత్రమే. టర్బో లేని పాత కారు డీజిల్ ఇంజన్లలో అది 20 దాటేది. డీజిల్‌లో భయం నాకింగ్ కాదు, సిలిండర్‌లో పీడనం మితిమీరడం. కారణం వేరైనా తీర్పు ఒకటే.

అయితే బాగా దించేస్తే పోలేదా అని మీరడగవచ్చు. పుస్తకం లెక్కలో పది నుంచి తొమ్మిదికి దిగితే పోయే శక్తి మూడు శాతం లోపే. అర బార్ బూస్ట్ ఇంచుమించు సగం గాలి అదనంగా ఇస్తుంది. అందుకే దించడం లాభంగా కనిపిస్తుంది. కానీ హబ్సిగూడ నుంచి మల్లాపూర్ వచ్చేలోపు మీ బండి బూస్ట్‌లో ఉండేది ఎంతసేపు? సిగ్నళ్ల మధ్య సెకండ్ గేరులో పాకే బండికి టర్బో ఇంకా లేవదు, కంప్రెషనే దిక్కు. ఏడుకు దించితే పికప్ చచ్చిపోతుంది, మైలేజీ పడిపోతుంది.

కాబట్టి నా సలహా ఇది. పాత తరహా ఇంజెక్షన్ ఉన్న ఇంజన్, మామూలు పెట్రోలు, అర బార్ బూస్ట్, మంచి ఇంటర్‌కూలర్ అయితే ఎనిమిదిన్నర నుంచి తొమ్మిది మధ్య ఉంచండి. కంపెనీ నుంచి తొమ్మిదే వచ్చి ఉంటే ఇంజన్ విప్పకండి, బూస్ట్ పెంచే ఆశ తగ్గించుకోండి. కొత్త టర్బో కార్లకు పది, ఆపైన ఉంది కదా అంటారు. వాటిలో చాలావాటికి పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకే చల్లి గాలిని చల్లబరుస్తారు. నాకింగ్ వినగానే టైమింగ్ వెనక్కి లాగే సెన్సర్ ఉంటుంది. ఆ రెండూ లేని బండికి ఆ అంకె పెట్టకూడదు.

దించాల్సి వస్తే మందపాటి హెడ్ గాస్కెట్ వేసి దించకండి. చవకే, కానీ పిస్టన్ అంచు హెడ్డుకు దగ్గరగా వచ్చి మిశ్రమాన్ని మధ్యకు నెట్టే ఏర్పాటు దానితో చెడుతుంది, నాకింగ్ గుణం మళ్లీ పెరుగుతుంది. నెత్తిన గిన్నెలా గుంట ఉన్న పిస్టన్లు వేయించండి. ఆ తర్వాత ఖాళీని సిరంజితో ద్రవం పోసి కొలవండి. కాగితం మీది అంకెను నమ్మకండి.

ఇక పెట్రోలు. బీఎస్-6 ప్రమాణం వచ్చినప్పుడు మామూలు పెట్రోలు ఆక్టేన్ కనీసం 91, ప్రీమియం 95గా ఉండేది. 2020 డిసెంబరులో ఇండియన్ ఆయిల్ 100 ఆక్టేన్ కూడా తెచ్చింది. 2023 ఫిబ్రవరి నుంచి 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు మొదలైంది. ఇథనాల్‌కు నాకింగ్‌ను తట్టుకునే గుణం ఎక్కువే, కానీ అదే గాలికి ఇంధనం ఎక్కువ కావాలి. ఇంజెక్టర్లు సరిపోకపోతే మిశ్రమం పలచబడి కొంప ముంచుతుంది. మీ లెక్క ఎప్పుడూ 91కే వేసుకోండి. 95 పోసిన రోజున అది అదనపు భరోసా అనుకోండి.

చివరగా చట్టం మాట. కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ నిరోధిస్తుంది. ముందు ఆర్టీఏలో అడగండి, ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పండి. మీ బండిలో పక్క సీట్లో కూర్చునేది మీ అమ్మానాన్నలే.

 యాభై ఏళ్లు నిండిన మన బడికి శుభాకాంక్షలు. షెడ్డు తలుపు మన బడి పిల్లలకు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. టర్బో కొనకముందు రండి, లెక్క కలిసి వేద్దాం.